బేరం, వ్యవహారం, వాడుక

(ఆగస్టు 29న ఒడిశాలోని పర్లాకిమిడిలో తెలుగు భాషా దినోత్సవం నాడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. అమ్మా, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. పిల్లలూ, మీరు కూడా ముందుకి రండి. ఇవాళ నేను చెప్పేది వ్యాకరణం కాదు, బజారు సంగతి. భయపడకండి.

ఈ రోజు గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. 1863లో పుట్టారు. మన ఊళ్లోనే, రాజావారి బడిలో పిల్లలకి పాఠాలు చెప్పారు. ఏటా ఈ రోజున పెద్దలు వచ్చి ఆయన వ్యావహారిక భాష కోసం ఎంత పోరాడారో చెబుతారు. చెప్పాలి కూడా. నేను మాత్రం అందులో ఒక్క మాట పట్టుకుంటాను. వ్యావహారికం. ఆ మాటలో ఏముంది? వ్యవహారం ఉంది. వ్యవహారం అంటే ఏమిటి? మనిషికీ మనిషికీ మధ్య నడిచే పని, ఇచ్చిపుచ్చుకోవడం. ఈ వ్యవహారమే పాత తెలుగులో బేహారం అయింది. బేహారం చేసేవాడు బేహారి, అంటే వర్తకుడు. ఆ బేహారం జనం నోట్లో నలిగి నలిగి బేరం అయింది.

చూశారా? పంతులుగారు ఏ భాష కోసం జీవితమంతా ధారపోశారో ఆ భాష పేరూ, మనం పొద్దున్నే వంకాయల దగ్గర ఆడే బేరమూ ఒక్క తల్లి పిల్లలు. ఇంకా ఉంది. వ్యావహారిక భాషని అచ్చ తెలుగులో మనం ఏమంటాం? వాడుక భాష. మరి ఇంటికి రోజూ పాలు పోసే ఆయన దగ్గర మనం పెట్టుకున్నదాన్ని ఏమంటాం? అదీ వాడుకే. "మాకు ఫలానా ఆయన దగ్గర వాడుక" అంటాం. భాషకీ పాలకీ ఒకటే మాట. ఇది నాకు చాలా ఇష్టమైన సంగతి. అందుకే మనకి సరుకు తెచ్చిపెట్టేవాళ్లని, పని చేసిపెట్టేవాళ్లని మనం ఏ మాటతో పిలుస్తున్నాం అన్నది నేను చిన్న విషయం అనుకోను.

మా నాన్నగారికి ఇక్కడే బజారులో కిరాణా కొట్టు ఉండేది. ఈ సభలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆ కొట్టు పద్దుపుస్తకం ఒకటి నా దగ్గర మిగిలింది. ఇదిగో, ఇవాళ తెచ్చాను. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగ్గా ఉంటుంది, తాడుతో కట్టేవాళ్లు. వెనకవాళ్లకి కనపడదు, నేను చదువుతాను. మొదటి సగం మాకు బాకీ ఉన్నవాళ్లది. రెండో సగం మేం బాకీ ఉన్నవాళ్లది, అంటే మాకు సరుకు వేసేవాళ్లది. నాకు ఈ రెండో సగమే ముఖ్యం. వినండి. "నూనె పెద్దాయన." "పాతపట్నం బెల్లం వారు." "కుండల అప్ప." "సంచుల మౌసా." "చింతపండు తాత." "నౌపడ ఉప్పు." ఈ ఉప్పు పేజీ చూడండి, సిరా అంతా పాకిపోయింది. ఉప్పు బస్తా మీద పెట్టి రాసేవారు, కాగితం చెమ్మ పీల్చేది.

ఎవరికీ ఇంటిపేర్లు లేవు. ఏ సరుకుకి ఎవరో సరుకుని బట్టే తెలిసేది. కానీ సరుకు పేరుతో ఆపేశారా? లేదు. పక్కన ఒక చుట్టరికం. తాత, పెద్దాయన, అప్ప. అప్ప అంటే మన వైపు అక్క. మౌసా అన్నది ఒడియా మాట, మౌసీ భర్త, మన చిన్నాన్న వరస. సంచులు తెచ్చే ఆయన ఒడియా మనిషి. అందుకని తెలుగు అక్షరాల్లోనే ఆయన భాషలో వరస కలిపారు.

ఇక్కడ, ఈ పేజీలో, ఒక కొట్టివేత ఉంది. "చేటలవాడు" అని ఉంది. గుండ్రటి పిల్ల రాత, అది నాది. అప్పటికి నాకు పదేళ్లు, సెలవుల్లో పద్దు రాయడానికి కూర్చోబెట్టేవారు. ఆ "వాడు" మీద గీత కొట్టి పైన "ఆయన" అని నాన్న రాశారు. నన్ను తిట్టలేదు. "ఆయన చేటలు తెస్తేనే కదమ్మా మన కొట్లో చేటలు ఉండేది" అన్నారు, అంతే. ఇన్నేళ్లు బళ్లో పాఠాలు చెప్పాను నేను. ఏకవచనం బహువచనం ఎన్ని వందలమంది పిల్లలకి చెప్పానో. నాకు ఆ పాఠం చెప్పింది మాత్రం ఈ గీత.

నాన్నని ఊరంతా షావుకారుగారూ అనేవారు. షావుకారు! ఈ మాట ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? దీని మూలం సాధు. సాధు అంటే మంచివాడు, మాట మీద నిలబడేవాడు. వర్తకుడికి అదే పేరయింది. ఎందుకయింది? డబ్బు చేతిలో పెట్టి, సరుకు రేపు వస్తుందని నమ్మి ఇంటికి వెళ్లాలంటే అవతల మనిషి సాధువై ఉండాలి కదా. ఆ సాధు ప్రాకృతంలో సాహు అయింది. మన ఒడియా పొరుగువాళ్లలో సాహులు ఉన్నారే, ఆ ఇంటిపేరు ఇదే. సాహు నుంచి సాహుకారు, అక్కణ్ణుంచి మన షావుకారు. శ్రేష్ఠి కూడా ఇలాంటిదే. శ్రేష్ఠుడైనవాడు శ్రేష్ఠి, అది తెలుగులో సెట్టి అయింది, పడమటికి వెళ్లి సేఠ్ అయింది.

నమ్మకం లేదా? మీరంతా సత్యనారాయణ వ్రతం చేసుకున్నవాళ్లే. కథలో వర్తకుడి పేరేమిటి? చెప్పండమ్మా. అదీ, సాధువు! లీలావతి భర్త, కళావతి తండ్రి. కాషాయం కట్టిన సాధువు కాదు, ఓడ మీద వ్యాపారం చేసే సాధువు. స్వామి యతి వేషంలో వచ్చి ఓడలో ఏముంది నాయనా అంటే, ఆకులూ అలములూ అన్నాడు. చూసేసరికి ఆకులూ అలములే ఉన్నాయి. నేను ఈ కథ చిన్నప్పట్నుంచి ప్రసాదం కోసం విన్నాను. పద్దుపుస్తకం చేతికి వచ్చాక మళ్లీ విన్నాను. సాధువు అని పేరు పెట్టుకున్నవాడు తన సరుకు గురించి అబద్ధం ఆడాడు. కథ అక్కడ అతన్ని పట్టుకుంది.

కానీ ఒక్క మాట దాచకుండా చెప్పాలి. షావుకారు అన్న మాట ఈ బజారులో ఎలా వినపడేదో, ఆ కొండ మీద అలా వినపడేది కాదు. మహేంద్రగిరి వైపు నుంచి, గుమ్మ వైపు నుంచి గిరిజనులైన సవరవాళ్లు చింతపండు, కందులు, పసుపు, పనసకాయలు మోసుకుని సంతకి దిగేవాళ్లు. వాళ్ల దగ్గర కొనేటప్పుడు ఒక కుంచం, వాళ్లకి అమ్మేటప్పుడు ఇంకో కుంచం పెట్టినవాళ్లు ఉన్నారు. పండుగకి అప్పిచ్చి, చెట్టు మీద ఉన్న చింతపండు చెట్టు మీదే రాయించుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లని కూడా షావుకారు అనే పిలిచారు సవరవాళ్లు. నాన్న పుస్తకంలో "చింతపండు తాత" ఉన్నాడే, ఆయన మా అరుగు దగ్గర నిలబడి షావుకారూ అని పిలిస్తే ఆ గొంతులో ఎంత మర్యాద ఉందో, ఎంత భయం ఉందో నాకు అప్పుడు తెలీదు. ఇప్పుడు తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. గిడుగు పంతులుగారు ఆ సవరవాళ్ల భాష నేర్చుకున్నారు, నిఘంటువు రాశారు, వాళ్లకి బళ్లు పెట్టించారు. మన బజారుకి వచ్చి మన భాషలో బేరమాడలేక నష్టపోయే మనిషి దగ్గరికి ఆయనే వెళ్లి అతని భాష నేర్చుకున్నారు. అది మామూలు పనా?

సరే. మనది రెండు భాషల ఊరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం వచ్చింది, సరిహద్దు గీత పడి మన ఊరు ఇటు ఒడిశాలో పడింది, ఏరు దాటితే పాతపట్నం అటు పడింది. గీత పడినంత మాత్రాన బజారు రెండవదు కదా. కాబట్టి మాటలు పక్కపక్కనే బతికాయి. కొన్ని కవల పిల్లల్లా ఉంటాయి. మన కుమ్మరి, వాళ్ల కుంభారొ. మన కమ్మరి, వాళ్ల కమారొ. ఒకటి కుంభకారుడు, ఒకటి కర్మారుడు, రెండిళ్లలోనూ. వీటితో ఇబ్బంది లేదు.

ఇబ్బంది ఎక్కడంటే, మాట ఒకటై పని వేరైన చోట. మా ఇంట్లో ఒక పెళ్లి జరిగింది. అబ్బాయి తరఫువాళ్లు ఒడియావాళ్లు. తెల్లవారుజామున వాళ్ల పెద్దావిడ "భండారి ఎక్కడ, భండారిని పిలవండి" అని కంగారు పడుతోంది. మన తెలుగు చెవికి భండారం అంటే ఖజానా. మా పిన్ని పరుగున వెళ్లి చదివింపుల సంచీ పట్టుకున్న మా బాబాయిని తీసుకొచ్చి నిలబెట్టింది. ఒడియాలో భండారి అంటే మంగలాయన! పెళ్లికొడుక్కి గడ్డం తీయాలి, ముహూర్తం ముంచుకొస్తోంది. ఆఖరికి బాబాయే సందు చివరికి వెళ్లి ఆయన్ని పిలుచుకొచ్చాడు. మన మంగలి అన్న మాటలో మంగళం ఉంది, వాళ్ల మాటలో భండారం ఉంది. శుభకార్యంలో ఆయన లేకపోతే జరగదన్న సంగతి ఇద్దరి మాటల్లోనూ ఉంది.

గౌడ అన్న మాట తీసుకోండి. ఇక్కడ ఒడియాలో గౌడ అంటే ఆవులు కాసి పాలు పోసేవాళ్లు. హైదరాబాదు వెళ్లండి, గౌడ అంటే తాటిచెట్టు ఎక్కి కల్లు గీసేవాళ్లు. ఒకరు పాలు, ఒకరు కల్లు. అలాగే బణియా. హిందీలో అయితే వర్తకుడు. ఒడియాలో బణియా అంటే బంగారప్పని చేసే ఆయన. మరి మనకి బంగారప్పని చేసేది ఎవరు? కంసాలి. కంసాలిలో ఉన్నది కంచు, కాంస్యం. కానీ కంచు పని ఆ మాటలోంచి జారిపోయింది, బంగారం వచ్చి కూర్చుంది. ఒడియాలో కంసారి అంటే ఈనాటికీ కంచు, ఇత్తడి సామాను చేసేవాళ్లే. అంటే మన మాటకి అసలు అర్థం కావాలంటే పక్కింటివాళ్లని అడగాలి! మన పాత అర్థాన్ని వాళ్లు దాచిపెట్టారు. సరిహద్దులో పుట్టినందుకు నాకు ఇలాంటి చోట గర్వంగా ఉంటుంది.

దూరం నుంచి వచ్చిన మాటలు కూడా ఉన్నాయి, వాటిని తొందరగా చెప్పేస్తాను. దళారి, హమాలీ అరబ్బీవి. దర్జీ పారశీకం. మేస్త్రి పోర్చుగీసువాళ్ల మాట. గుత్తేదారులో గుత్త మనది, దారు పారశీకం, అతుకు కూడా కనపడదు. సప్లయర్ ఇంగ్లీషు. ఈ సప్లయర్ని చూడండి, హోటల్లో సప్లయర్ అంటే ఇడ్లీ ప్లేటు తెచ్చిపెట్టే అబ్బాయి, టెంటు సామాను బోర్డు మీద సప్లయర్స్ అంటే షామియానా యజమాని. ఒకే మాట, ఒకరు నిలబడి ఉంటారు, ఒకరు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉంటారు. పరాయి మాట వస్తే నాకు బాధ లేదు. వచ్చి పని చేస్తోంది కదా.

నాకు బాధ కలిగించేవి మన సొంత మాటలే. పని పేరు కులం పేరయింది. కులం పేరు తిట్టయింది. నేను ఆ తిట్లు ఈ వేదిక మీద పలకను, మీకు తెలుసు. మనకి పొలం దగ్గర మేర అని ఉండేది. పంట నూర్చాక కళ్లంలోనే కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి గింజలు కొలిచేవాళ్లు. ఆయం అన్నా అదే, వాళ్లని ఆయగాళ్లు అనేవాళ్లు. మహారాష్ట్రలో అదే బలుతే, బలుతేదార్లు. సిరొంచ వైపు మన తెలుగువాళ్లకి ఆ మాట తెలుసు. మేర మంచిదని కొందరు అంటారు, పంటలో వాటా కదా, హక్కు కదా అంటారు. అవును, వాటానే. కానీ ఏడాదంతా పిలిచినప్పుడల్లా వచ్చి, ఆఖర్న కళ్లం అంచున చేట పట్టుకుని నిలబడాలి. వాళ్ల పిల్లలు ఇంకో పనికి పోతామంటే? పోనిచ్చారా? మేర పోయినందుకు నేను ఏడవను. పిలుపు మారలేదే అన్నదే నా బాధ. ఇవాళ ఆయన సొంత సెలూన్ పెట్టుకున్నాడు, బోర్డు ఉంది, అద్దాలు ఉన్నాయి. మనం మాత్రం ఇంట్లో ఆయన గురించి "వాడు" అంటాం. ఆయన వయసు యాభై దాటినా సరే!

ఇప్పుడు ఒక సంఘటన. నేను రిటైరయ్యాక బజారులో గంపలు పెట్టుకునే ఆడవాళ్లకి కాగితాలు నింపిపెడుతూ ఉంటాను. ఒకసారి ఒక ఆఫీసుకి ఒకావిడతో వెళ్లాను. ఆవిడ కోడిగుడ్లు, మునక్కాడలు, నిమ్మకాయలు పల్లెల్లో కొని ఇక్కడ అమ్ముతుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. నువ్వేం చేస్తావని అడిగారు. "మారుబేరం బాబూ" అంది. అక్కడ రాసుకునే ఆయనకి తెలుగు రాదు. ఏదో అనుకుని, కూలి అని రాసేశాడు. నేను అప్పుడు వేరే కిటికీ దగ్గర ఉన్నాను, చూసుకోలేదు. ఆ ఒక్క మాట వల్ల వీధి వ్యాపారుల జాబితాలో ఆవిడ పేరు లేకుండా పోయింది. మళ్లీ సరిచేయించడానికి ఎన్నిసార్లు తిరిగామో.

ముప్పై ఏళ్ల వ్యాపారి, కూలి అయిపోయింది. కూలి తక్కువ పని అనడం లేదు నేను. కానీ ఆవిడ పెట్టుబడి పెడుతుంది, ధర కడుతుంది, గుడ్డు పగిలితే నష్టం భరిస్తుంది. ఎవరు వాడుకదారో, ఎవరికి అరువివ్వకూడదో ఆవిడకి లెక్క ఉంది. అది వర్తకం కాదా?

తరవాత నేను ఆ చట్టం తెప్పించుకుని చదివాను. వీధి వ్యాపారుల చట్టం, 2014లో వచ్చింది. అందులో వీధి వ్యాపారి అంటే ఎవరో చెప్పిన చోట ఒక సంగతి ఉంది. వీధిలో సరుకు అమ్మేవాళ్లే కాదు, వీధిలో కూర్చుని సేవలు అందించేవాళ్లు కూడా అందులోకి వస్తారు. అంటే చెప్పులు కుట్టే ఆయన, గొడుగు బాగుచేసే ఆయన కూడా. ఆ తరవాత ఇంకో మాట ఉంది. ఆయా ప్రాంతాల్లో ఆ అర్థంలో వాడే స్థానిక పదాలన్నీ ఇందులో చేరతాయి అని రాశారు! చదివి నేను లేచి నిలబడ్డాను. ఒడియాలో బులా బికాళి అంటారు, తిరిగి తిరిగి అమ్మేవాళ్లు. ఉఠా దొకాని అంటారు, పొద్దున పెట్టి సాయంత్రం ఎత్తేసే కొట్టువాళ్లు. మన తెలుగులో మారుబేరం, గంప బేరం, తోపుడుబండి. ఇవన్నీ చట్టం ఒప్పుకున్న మాటలే. పట్టణ కమిటీలో నూటికి నలభైమందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలని, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. అక్కడ కూర్చున్న అప్పలూ, వింటున్నారా? ఈసారి సర్వేకి ఎవరొచ్చినా మీ మాట మీరు చెప్పండి. మారుబేరం అనే చెప్పండి. అర్థం కాకపోతే ఒడియాలో కూడా చెప్పండి. మీకు రెండూ వచ్చు కదా!

ఇక వాడుక దగ్గరికి వచ్చి ముగిస్తాను. మొన్న మా మనవరాలు ఫోన్లో ఏదో తెప్పించింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది, డెలివరీ పార్ట్‌నర్ దారిలో ఉన్నారు అని. పార్ట్‌నర్ అంటే మన భాషలో ఎవరు? భాగస్తుడు. నాన్న కొట్టుకి కొన్నాళ్లు ఒక భాగస్తుడు ఉండేవారు. దీపావళి వెళ్లాక ఇద్దరూ కూర్చుని లాభం చెరిసగం పంచుకునేవారు. నష్టమొస్తే నష్టం కూడా. మరి ఎండలో బండి మీద వచ్చిన ఈ కుర్రాడికి ఎందులో భాగం ఉంది? 2020లో వచ్చిన సామాజిక భద్రత చట్టంలో ఇలాంటివాళ్లకి గిగ్ వర్కర్ అనీ ప్లాట్‌ఫామ్ వర్కర్ అనీ పేర్లు పెట్టారు. పనివాడే అని కనీసం చట్టం ఒప్పుకుంది. మంచిదే. పార్ట్‌నర్ అన్న తియ్యటి మాట కంటే అది నయం. కుర్రాడు వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. మనవరాలు లోపల్నుంచే "మామ్మా, డెలివరీ వచ్చింది, తీసుకో" అని అరిచింది. అతనే డెలివరీ అయిపోయాడు. మంచినీళ్లు ఇచ్చి ఏ ఊరు బాబూ అన్నాను. మన జిల్లాలోనే, కాశీనగరం దగ్గర పల్లె. తెలుగే. వాళ్ల తాత నౌపడ నుంచి ఉప్పు తెచ్చి ఇక్కడ కొట్లకి వేసేవాడట.

నాకు నోట మాట రాలేదు. లోపలికి వెళ్లి ఈ పుస్తకం తెచ్చి ఆ ఉప్పు పేజీ చూపించాను. వాళ్ల తాతే అని చెప్పలేం. పేరు లేదు కదా, ఉప్పు అనే ఉంది. అతను ఆ పాకిపోయిన సిరా మీద వేలు పెట్టి చూశాడు. ఫోన్ మోగింది, ఇంకో ఇంటికి వెళ్లాలి, వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి నా మనసులో ఒకటే ఉంది. నాన్న అందరికీ వరస కలిపి రాశారు, ఆ ఉప్పు ఆయనకి మాత్రం కలపలేదు. ఊరి పేరు రాశారు, సరుకు పేరు రాశారు, మనిషిని రాయలేదు. ఎందుకో నాకు తెలీదు, నాన్న లేరు అడగడానికి. ఇంటింటికీ వచ్చి ధాన్యానికి ఉప్పు కొలిచే ఆడవాళ్లు కూడా ఉండేవాళ్లని మా అమ్మ చెప్పేది. వాళ్లని ఏ మాటతో పిలిచేవాళ్లో నా దగ్గర లేదు. నేను ఈ మాటలన్నీ ఒక నోట్ బుక్‌లో రాసుకుంటున్నాను, తెలుగువీ ఒడియావీ సవరవీ. ఆ ఉప్పు పేజీ ఖాళీగా ఉంది. ఇక్కడ డెబ్బై దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ అత్తగారు వీధిలోకి తొంగి చూసి వాళ్లని ఏమని కేకేసేవారో గుర్తు తెచ్చుకోండి. అమ్మా, మీరు చెయ్యెత్తారు, మైకు ఆవిడకి ఇవ్వండి బాబూ.